లేజర్ తర్వాత మొహం: పై పొర మూసుకోవడం వేరు, చర్మం కోలుకోవడం వేరు

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. బుగ్గల మీద ఎండ మచ్చలకూ, కళ్ల చుట్టూ, పై పెదవి మీద ముడతలకూ ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ చేయించుకుంది. ఇవాళ నాలుగో రోజు. మొహమంతా గోధుమ రంగు చుక్కలు, అక్కడక్కడా పక్కు కట్టింది, ఒకటే దురద. క్లినిక్‌లో ఆయింట్‌మెంట్ రాయమన్నారు కానీ జిడ్డుగా ఉందని అమ్మ సరిగ్గా రాయడం లేదు. సన్‌స్క్రీన్ ఇప్పుడే రాయొచ్చా? ఇంతకుముందు వాడిన రెటినాల్, విటమిన్ సి సీరం ఎప్పుడు మొదలుపెట్టొచ్చు? మాది చామనఛాయ, మొహం నల్లబడుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు:

గోధుమ రంగు చుక్కలకీ దురదకీ కంగారు పడనక్కర్లేదు. నాలుగో రోజున అవి ఉండాల్సినవే. ఆలోచించాల్సింది పక్కు గురించి. అది కట్టిందంటే మొహం ఎండిపోతోందన్నమాట, ఆయింట్‌మెంట్ చాలడం లేదన్నమాట. రెటినాల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇవాళ రాత్రి చేయాల్సింది చూడండి.

ఆ జిడ్డు ఎందుకో తెలిస్తే అమ్మగారిని ఒప్పించడం తేలిక. ఈ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. చర్మంలోని నీరు దాన్ని పీల్చుకుని క్షణంలో ఆవిరైపోతుంది. దాంతో మొహం మీద కంటికి ఆనని సన్నటి బావుల్లాగా వేల రంధ్రాలు పడతాయి. ఫ్రాక్షనల్ అంటే బావికీ బావికీ మధ్య చర్మాన్ని ముట్టుకోకుండా వదిలేయడం. అలా వదిలేసిన చర్మం నుంచీ, వెంట్రుకల కుదుళ్ల నుంచీ కొత్త కణాలు పాకుతూ వచ్చి ఆ గుంతల మీద కప్పు వేస్తాయి. పాకడానికి వాటికి తడి నేల కావాలి. పైన ఎండి పక్కు కట్టిందనుకోండి, తడి దొరికేదాకా పక్కు కింద తొలుచుకుంటూ పోవాలి. తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయం గాలికి వదిలేసిన గాయం కంటే దాదాపు రెట్టింపు వేగంగా మూసుకుంటుందని జార్జ్ వింటర్ 1962లోనే పందుల మీద చేసిన ప్రయోగంలో చూపించారు. అయినా "గాయానికి గాలి తగలాలి" అన్న మాట మన నోళ్లలోంచి ఇంకా పోలేదు. లేజర్ చేసిన మొహం దగ్గర మాత్రం ఆ మాట వినొద్దు.

కడగడం, రాయడం

అర లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి, అందులో 4.5 గ్రాముల ఉప్పు కలపండి. 5 మిల్లీలీటర్ల చెంచాతో ముప్పావు చెంచా అవుతుంది. ఇది మన ఒంట్లోని ద్రవాల ఉప్పదనానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పచ్చి చర్మానికి ఉత్త నీళ్లంత మంట పుట్టించదు. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోవాలి. కొందరు డాక్టర్లు ఉప్పుకు బదులు అదే అర లీటరు నీళ్లలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలపమంటారు. ఆ కాస్త పులుపుకి సూడోమోనాస్ లాంటి బాక్టీరియా పెరగడం కష్టమవుతుంది. మీ డాక్టరు అలా చెప్పి ఉంటే అలాగే చేయండి, మంట పుడితే ఇంకొన్ని నీళ్లు కలపండి. నీళ్లు కలపకుండా వెనిగర్‌ని మొహానికి తగలనివ్వొద్దు.

చేతులు సబ్బుతో కడుక్కుని, గాజుగుడ్డ ముక్కల్ని ఆ నీళ్లలో ముంచి, కారకుండా పిండి, మొహం మీద పరిచి 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. దూది వాడొద్దు, పోగులు రసికి అతుక్కుంటాయి. గుడ్డ మొహం మీద ఉండగానే ఆరిపోతే అదీ అతుక్కుంటుంది. అప్పుడు లాగితే కొత్త పొర కూడా దానితోపాటే ఊడొస్తుంది. అతుక్కుందనిపిస్తే పైనుంచి మళ్లీ నీళ్లు చిలకరించి రెండు నిమిషాలు ఆగండి.

పావుగంట నానాక పక్కు అంచులు తెల్లబడి, తడిసిన కాగితంలా మెత్తబడతాయి. అప్పుడు తడి గాజుగుడ్డతో ఒకే వైపుకు, బరువు వేయకుండా, ఒక్కసారి తుడవండి. ఊడేది ఊడుతుంది. ఊడనిది కింద ఇంకా అతుక్కుని ఉన్నట్టే, దాని జోలికి పోవద్దు. సాయంత్రానికో రేపటికో అదే వస్తుంది. గోటితో లేపితే అక్కడ చుక్క రక్తం కనిపిస్తుంది. నెల తిరిగేసరికి నల్ల మచ్చ పడే అవకాశం ఎక్కువగా ఉండేది అలాంటి చోటే. చాలామంది ఈ పని రాత్రి నిద్దట్లో తెలియకుండానే చేసేస్తారు. అందుకే గోళ్లు కత్తిరించి, మెత్తటి నూలు చేతి తొడుగులు వేసుకుని పడుకోమంటారు.

మొహం పూర్తిగా ఆరకముందే, చెమ్మగా ఉన్నప్పుడే ఆయింట్‌మెంట్ రాయాలి. మొహానికీ మెడకూ కలిపి ఒక్కసారికి ఎంత కావాలో కొలత చూసుకోండి. ట్యూబు నుంచి చూపుడు వేలి చివరి కణుపు పొడవున పిండితే సుమారు అర గ్రాము. అలాంటివి రెండున్నర గీతలు కావాలి. రోజుకు ఐదారుసార్లు రాస్తే ఆరేడు గ్రాములు అవుతుంది, అంటే 30 గ్రాముల ట్యూబు నాలుగైదు రోజుల్లో ఖాళీ కావాలి. నాలుగో రోజుకి మీ దగ్గర ట్యూబు ఇంకా నిండుగా ఉంటే పక్కు ఎందుకు కట్టిందో వేరే చెప్పక్కర్లేదు. గడియారం చూసి రాయడం కంటే చర్మాన్ని చూసి రాయడం మేలు. నవ్వినప్పుడు బుగ్గ బిగుతుగా లాగినట్టు అనిపిస్తే మళ్లీ రాసే వేళైనట్టే.

దేన్ని రాయాలి? వాసన, రంగు ఏమీ కలపని మామూలు తెల్ల పెట్రోలియం జెల్లీ చాలు. డబ్బాలో వేలు పెట్టి తీసే రకం వద్దు, ట్యూబు కొనండి. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ అయితే ఇంకా మంచిదేమో అనిపిస్తుంది గానీ, నియోమైసిన్, బాసిట్రాసిన్ రెండూ చర్మానికి అలర్జీ తెప్పించే వాటిలో ముందు వరసలో ఉంటాయి. చిన్న శస్త్రచికిత్సల గాయాల మీద పెట్రోలియం జెల్లీని బాసిట్రాసిన్‌తో పోల్చి 1996లో చేసిన పరిశీలనలో ఇన్ఫెక్షన్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు, అలర్జీ మాత్రం బాసిట్రాసిన్ వాడినవాళ్లలోనే కనబడింది. విటమిన్ ఇ క్యాప్సూల్ చిదిమి రాయడం, కలబంద మట్ట కోసి గుజ్జు పూయడం, సువాసన నూనెలు, వీటన్నింటితోనూ అదే ఇబ్బంది. మామూలు చర్మానికి పడినవి పొర లేని చర్మానికి పడతాయన్న భరోసా లేదు. డాక్టరు ఫలానా ఆయింట్‌మెంట్ అని పేరు రాసి ఇచ్చి ఉంటే అదే వాడండి, మీ అంతట మీరు మార్చొద్దు.

దురద గురించి. మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా దురద ఎక్కువగానే ఉంటుంది, పొడిబారితే ఇంకా ఎక్కువ. తడి గుడ్డ పరవడమే మొదటి మందు. ఫ్రిజ్‌లో చల్లబరిచిన ఉప్పునీళ్లయితే ఇంకా హాయిగా ఉంటుంది. ఐసు ముక్కను నేరుగా చర్మానికి ఆనించొద్దు. నిద్ర పట్టకపోతే రాత్రిపూట సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు వేసుకోవచ్చేమో డాక్టరుని ఒక మాట అడగండి, అమ్మగారు వాడే మిగతా మందులు కూడా చెప్పి. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ క్రీము మాత్రం తీయొద్దు. దురద తగ్గుతుంది, దాంతోపాటే గాయం మానడమూ మందగిస్తుంది, ఇన్ఫెక్షన్ ఉంటే కనబడకుండా ముదురుతుంది.

ఎప్పుడు ఫోన్ చేయాలి

లేజర్ నొప్పి మొదటి రోజే ఎక్కువ, రెండు మూడు రోజుల్లో చాలావరకు తగ్గిపోవాలి. తగ్గిన నొప్పి మళ్లీ మొదలైతే అది లేజర్ నొప్పి అయ్యే అవకాశం తక్కువ. పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో చీము, వాసన, ఒకే చోట వేడిగా ఎర్రగా పాకుతున్న వాపు, జ్వరం, వీటిలో ఏది కనిపించినా బాక్టీరియా అనుకుని అదే రోజు చూపించాలి. మొదటి వారంలో వచ్చేవి ఎక్కువగా ఇవే. దురద ఒక్కసారిగా పెరిగి, ఎరుపు మీద చిన్న చిన్న గింజల్లాంటివి లేస్తే రాసేదేదో పడలేదని గానీ, ఈస్ట్ అనే ఫంగస్ చేరిందని గానీ అనుమానించాలి. ఈస్ట్ సాధారణంగా రెండో వారంలో బయటపడుతుంది.

హెర్పిస్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని గుర్తుపట్టడం కష్టం. మామూలుగా పెదవి దగ్గర వచ్చేటప్పుడు నీటి పొక్కుల గుత్తిలా కనిపిస్తుంది. లేజర్ చేసిన చోట పొక్కు ఉబ్బడానికి పై పొరే లేదు. అందుకని పెన్సిలు మొనతో గుచ్చినట్టు చిన్న చిన్న గుండ్రటి పుళ్లుగా మాత్రమే కనిపిస్తుంది, నొప్పి, సలుపు మాత్రం చూపుకి కనిపించేదానికంటే ఎక్కువగా ఉంటాయి. వైరస్ ఒంట్లో నిద్రాణంగా ఉన్న సంగతి చాలామందికి తెలియదు కాబట్టి, నోటి చుట్టూ చేసేటప్పుడు ఎప్పుడూ పొక్కులు రానివాళ్లకి కూడా చాలామంది డాక్టర్లు వాలసైక్లోవిర్ లాంటి మాత్రలు ముందే మొదలుపెట్టించి 7 నుంచి 10 రోజులు వాడిస్తారు. అమ్మగారికి పై పెదవి మీద చేశారు. చీటీలో ఆ మాత్ర ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఉంటే మొహం బాగుందని మధ్యలో మానేయకుండా పూర్తి చేయించండి. లేకపోతే క్లినిక్‌కి ఫోన్ చేసి అడగండి.

మొదటి వారంలో చిన్న పనులు

తలకింద రెండు మూడు దిండ్లు పెట్టి, వెల్లకిలా పడుకోవాలి. వాపు రెండు, మూడు రోజుల్లో ఎక్కువై, పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బి కనిపించి, మధ్యాహ్నానికి దిగుతుంది. దిండు గలీబు రోజూ మార్చండి. తలస్నానం వెనక్కి వాలి చేయాలి, షాంపూ నురగ మొహం మీదకి జారకూడదు. జుట్టుకి రంగు మూడు వారాలు వాయిదా వేయండి. పళ్లు తోమేటప్పుడు పెదవుల చుట్టూ ముందే ఆయింట్‌మెంట్ పట్టించి, ఘాటు పుదీనా టూత్‌పేస్టు బదులు మామూలుది కొద్దిగా వాడితే పై పెదవి దగ్గర ఆ మంట ఉండదు. చెమట పట్టే వ్యాయామం, ఆవిరి పట్టడం, ఈత, వేడి వేడి నీళ్ల స్నానం రెండు వారాలు వద్దు. పొయ్యి ముందు ఎక్కువసేపు నిలబడటం కూడా తగ్గించమనండి. వేడికి మొహం మళ్లీ ఎర్రబడుతుంది, ఆ ఎరుపు చామనఛాయ చర్మంలో నలుపుగా మారే ప్రమాదం ఉంది.

ఏడో రోజు తర్వాత అసలు జాగ్రత్త

ఐదో రోజుకీ ఏడో రోజుకీ మధ్య ఆ గోధుమ చుక్కలు పొట్టుగా రాలిపోయి, కింద నుంచి గులాబీ రంగు నునుపు చర్మం బయటపడుతుంది. దవడ అంచు, మెడ ఒకటి రెండు రోజులు వెనకబడతాయి. మెడ మీద వెంట్రుకల కుదుళ్లు తక్కువ, అంటే కొత్త కణాలు బయలుదేరే చోట్లు తక్కువ. అదే కారణంతో అక్కడ మచ్చ పడే ప్రమాదం కూడా ఎక్కువ.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడి నుంచే. మొదటి వారం భయంతో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఎనిమిదో రోజు అద్దంలో మెరిసే మొహం చూసుకుని, అయిపోయింది కదా అని పాత సీసాలన్నీ బయటికి తీస్తారు. నిజానికి పై పొర ఇల్లు కట్టగానే వేసిన తాత్కాలిక రేకుల కప్పు లాంటిది. నీటిని లోపల పట్టి ఉంచే శక్తి, బయటివాటిని ఆపే శక్తి దానికి ఇంకా రాలేదు. మామూలప్పుడు చుర్రుమనని క్రీము ఇప్పుడు చుర్రుమంటుంది, మామూలప్పుడు పైపైనే ఉండే మందు ఇప్పుడు లోపలికి దిగుతుంది. లోపల చర్మానికి బిగువునిచ్చే ప్రోటీన్, కొల్లాజెన్, పని అయితే ఇంకా మొదట్లోనే ఉంటుంది.

పొర మూసుకుందో లేదో తేల్చుకోవడానికి రోజులు లెక్కపెట్టడం ఒక్కటే సరిపోదు. ఎక్కడా రసి లేదు, తడిగా ఎర్రగా మెరిసే చోటు లేదు, మామూలు నీళ్లు చల్లితే మంట లేదు. ఈ మూడూ ఉంటేనే తర్వాతి మెట్టు. ఆయింట్‌మెంట్‌ని ఒక్కసారే మానేయకుండా పగలు క్రీము, రాత్రి ఆయింట్‌మెంట్ అని మూడు నాలుగు రోజులు నడిపించి, తర్వాత పూర్తిగా క్రీముకి మారండి. క్రీములో గ్లిజరిన్, సెరమైడ్‌లు ఉండాలి, సువాసన ఉండకూడదు. మొహం కడగడానికి సబ్బు బిళ్ల వద్దు, పీహెచ్ 5.5 దగ్గరగా ఉండే నురగ తక్కువ క్లెన్సర్ చాలు, అదీ రోజుకి రెండుసార్లే. ఆయింట్‌మెంట్‌ని మూడు నాలుగు వారాలు సాగదీస్తే ఇంకో తలనొప్పి: మూసుకుపోయిన రంధ్రాల్లో తెల్లటి గసగసాల్లాంటి మిలియా గింజలు, మొటిమలు వస్తాయి. గిల్లొద్దు. జిడ్డు తగ్గిస్తే చాలావరకు అవే పోతాయి, పోనివి డాక్టరు సూదితో తీస్తారు.

సన్‌స్క్రీన్

ఇప్పుడే వద్దు. పచ్చి చర్మం మీద సన్‌స్క్రీన్ మంట పుట్టిస్తుంది, అలర్జీకి దారి తీయొచ్చు. పొర మూసుకునేదాకా నీడే సన్‌స్క్రీన్. ఇంట్లోనే ఉండటం, క్లినిక్‌కి వెళ్లాల్సి వస్తే వెడల్పు అంచు టోపీ, గొడుగు, కళ్లద్దాలు. కిటికీ పక్కన కుర్చీ కూడా జరపండి, ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో మామూలు గాజు యూవీబీ రకాన్ని ఆపుతుంది గానీ యూవీఏని చాలావరకు లోపలికి వదిలేస్తుంది.

పై మూడు పరీక్షలూ నెగ్గిన రోజున, సాధారణంగా ఏడో రోజు ప్రాంతంలో, మొదలుపెట్టండి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న మినరల్ రకం, ఎస్‌పీఎఫ్ 30 నుంచి 50, వాసన లేనిది. చామనఛాయకి ఇంకో షరతు ఉంది. లేత గోధుమ రంగు కలిసినది తీసుకోండి. ఆ రంగు ఐరన్ ఆక్సైడ్ వల్ల వస్తుంది. మన చర్మాన్ని నల్లబరిచేది యూవీ ఒక్కటే కాదు, కంటికి కనిపించే కాంతి కూడా, ముఖ్యంగా నీలి భాగం. తెల్లటి సన్‌స్క్రీన్ ఆ కాంతిని అంతగా ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్ ఆపుతుంది.

సీసా మీద రాసిన ఎస్‌పీఎఫ్‌ని చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలుస్తారు. మామూలుగా మనం రాసుకునేది అందులో సగం కూడా ఉండదు. చూపుడు వేలు, మధ్య వేలు మొత్తం పొడవునా రెండు గీతలు పిండండి, మొహానికీ మెడకూ అది కొలత. ఒక్కసారే రాస్తే ముద్దలుగా తేలుతుంది కాబట్టి సగం రాసి, రెండు నిమిషాలు ఆగి మిగతా సగం రాయండి. రుద్దకుండా వేలి మెత్తటి భాగంతో అద్దండి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. సాయంత్రం తీసేటప్పుడు మేకప్ తుడిచే తడి కాగితాలతో రుద్దేస్తారు కొందరు, పొద్దున చేసిన జాగ్రత్తంతా అక్కడ పోతుంది. క్లెన్సర్‌ని వేళ్లతో అర నిమిషం తిప్పి నీళ్లతో కడిగితే చాలు.

నలుపు భయం

భయం న్యాయమైనదే. చర్మం ఎండకి ఎలా స్పందిస్తుందన్నదాన్ని బట్టి చేసే ఫిట్జ్‌ప్యాట్రిక్ వర్గీకరణలో 4, 5, 6 రకాల వాళ్లకి, అంటే చామనఛాయ నుంచి నలుపు దాకా ఉన్నవాళ్లకి, లేజర్ తర్వాత నల్లబడే అవకాశం తెల్ల చర్మం వాళ్లకంటే చాలా ఎక్కువ. వాపు, ఎరుపు ఉన్నంతకాలం రంగు కణాలు రెచ్చిపోయి మెలనిన్ తయారు చేస్తూనే ఉంటాయి. అందుకే అది మొదటి వారంలో కాక మూడు, నాలుగు వారాలకి, అంతా బాగుందనుకున్నాక కనిపిస్తుంది.

మూడో వారం నుంచి వారానికోసారి ఒక చిన్న పరీక్ష చేయండి. పారదర్శకమైన గాజు గ్లాసు శుభ్రంగా కడిగి, దాని పక్క భాగంతో బుగ్గని మెల్లగా నొక్కి, గాజులోంచి చూడండి. రంగు తేలిపోయి పాలిపోయినట్టు కనబడితే అది రక్తనాళాల ఎరుపు, టైమిస్తే పోతుంది. నొక్కినా గోధుమ రంగు అలాగే నిలిచి ఉంటే మెలనిన్ మొదలైనట్టు. ఆ దశలో డాక్టరుకి చూపిస్తే పని సులువు. అజిలాయిక్ యాసిడ్ 15 నుంచి 20 శాతం, లేదా హైడ్రోక్వినోన్ 4 శాతం, లేదా ట్రానెక్సమిక్ యాసిడ్, ఏది ఎప్పుడన్నది చర్మం చూసి నిర్ణయిస్తారు. హైడ్రోక్వినోన్‌ని సాధారణంగా మూడు నెలలు దాటి ఏకబిగిన వాడనివ్వరు. ఈ నలుపు చాలావరకు నెలల్లో తగ్గేదే. తగ్గనిది ఎప్పుడంటే, భయపడి స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీము సొంతంగా మొదలుపెట్టినప్పుడు. మొదటి రెండు వారాలు అద్భుతంగా కనిపిస్తుంది, తర్వాత చర్మం పలుచబడి, నాళాలు పైకి తేలి, మానగానే మంటతో ఎర్రబడుతుంది. ట్యూబు మీద మోమెటసోన్, ఫ్లూసినోలోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లలో ఏదున్నా డాక్టరు చెప్పకుండా మొహానికి వద్దు.

రెటినాల్, విటమిన్ సి

వరస ముఖ్యం, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎడం ముఖ్యం. రెండూ ఒకే వారంలో మొదలుపెడితే, మొహం మండినప్పుడు దేనివల్లో తేలదు. మూడో వారం తర్వాత, మామూలు క్రీము ఏమాత్రం చుర్రుమనకపోతే నియాసినమైడ్ 4 లేదా 5 శాతంతో మొదలుపెట్టొచ్చు. అన్నింట్లోకీ సౌమ్యమైనది అది. నాలుగు, ఐదు వారాలకి విటమిన్ సి. విటమిన్ సి అసలు రూపమైన ఆస్కార్బిక్ యాసిడ్ ఉన్న సీరం పని చేయాలంటే పీహెచ్ 3.5 లోపు ఉండాలి, ఆ పులుపే మంటకి కారణం. రోజు విడిచి రోజు, పొద్దున. సీసాలో రంగు ముదురు గోధుమకి తిరిగి ఉంటే పారేయండి, పాతది దాచిపెట్టి ఇప్పుడు వాడొద్దు.

రెటినాల్ ఆరు వారాలకి. వారానికి రెండు రాత్రులు, బఠానీ గింజంత మొహం మొత్తానికి, ముందు క్రీము రాసి దాని మీద. కళ్ల మూలలు, ముక్కు పక్కలు, పెదవి అంచులు వదిలేయండి. మొదట దవడ కింద రూపాయి బిళ్లంత మేర మూడు రాత్రులు రాసి చూడటం మంచిది. పొట్టు లేచినా, ఎరుపు మరుసటి రోజు దాకా ఉన్నా ఇంకో రెండు వారాలు ఆగండి. రెటినాల్ జాతిలోనే ఇంకా ఘాటైన ట్రెటినాయిన్ అయితే డాక్టరు చెప్పాకే. తొందరపడి పోగొట్టుకునేదే తప్ప ఇందులో కలిసొచ్చేది లేదు, కొల్లాజెన్‌కి కావాల్సిన ఆజ్ఞ లేజర్ ఎప్పుడో ఇచ్చేసింది. గ్లైకాలిక్ లాంటి యాసిడ్లు రెండు నెలలు దాటాక. స్క్రబ్బులు, ఇంట్లో వాడే సూదుల రోలర్లు కనీసం మూడు నెలలు ముట్టుకోవద్దు. పై పెదవి మీద త్రెడింగ్, వ్యాక్సింగ్ ఆరు వారాలు ఆపాలి. కొత్త పొర వెంట్రుకతో పాటు ఊడొస్తుంది.

మీ క్లినిక్‌లో చేసింది వేరే లేజర్ అయి ఉంటే ఈ లెక్కలు మారతాయి. 1,550 లేదా 1,927 నానోమీటర్ల నాన్ అబ్లేటివ్ రకంలో పై పొర తెరుచుకోదు. రెండు మూడు రోజుల ఎరుపు, వారం పాటు గరుకు గోధుమ పొట్టు, అంతే. సన్‌స్క్రీన్ మర్నాటి నుంచే, రెటినాల్ రెండు వారాలకి. అదే మొహం మొత్తాన్ని ఖాళీ వదలకుండా చెక్కేసే పూర్తి అబ్లేటివ్ పద్ధతి అయితే పొర మూసుకోవడానికే రెండు వారాలు పట్టొచ్చు, ఎరుపు రెండు మూడు నెలలు సహజం. పేరు మీద సందేహం ఉంటే ఏ యంత్రం, ఏ సెట్టింగు అని అడిగి రాయించి పెట్టుకోండి, రేపు ఇంకో డాక్టరుకి చూపించాల్సి వస్తే పనికొస్తుంది.

ముడతలు తిరిగి వచ్చినట్టు కనిపించినప్పుడు

ఇది ముందే చెప్పకపోతే నాలుగో వారంలో అమ్మగారు చాలా నిరాశ పడతారు. మొదటి పది రోజులు పెదవి మీద గీతలు మాయమైనట్టు ఉంటాయి. అందులో చాలా భాగం వాపు. వాపు దిగాక గీతలు మళ్లీ తేలతాయి. డబ్బులు వృథా అనుకుని, గట్టి క్రీములు మొదలుపెట్టడమో వెంటనే రెండో సిట్టింగ్ అడగడమో అప్పుడే జరుగుతుంది. అసలు ఫలితం మూడో నెల నుంచి ఆరో నెల దాకా మెల్లగా వస్తుంది, ఆ తర్వాత కూడా కొంత మార్పు ఉంటుంది.

ఎరుపు మొహమంతా సమానంగా ఉండి వారం వారం తగ్గుతుంటే వదిలేయండి. మిగతా మొహం తేలికపడినా ఒక్క చోటే, ముఖ్యంగా పై పెదవి, దవడ అంచు, మెడ మీద, ఎరుపు నిలిచిపోయి వేలికి గట్టిగా, కాస్త ఎత్తుగా తగిలితే అది మచ్చకి తొలి రూపం. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఆ వారంలోనే చూపించండి. మెత్తగా ఉన్నప్పుడు సిలికాన్ జెల్, స్టెరాయిడ్, రక్తనాళాల మీద పనిచేసే పల్స్‌డ్ డై లేజర్‌తో అణచడం వీలవుతుంది, ముదిరాక అదే పని చాలా కష్టం. స్టెరాయిడ్ వద్దన్నారు కదా అనొద్దు, అక్కడ డాక్టరు చేతిలో అది మందు.

ఫొటోలు తీసి పెట్టండి. ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకి, మొహానికి ఏమీ రాయకుండా, ఎదురుగా ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి: ఏడో రోజు, నెల, మూడు నెలలు, ఆరు నెలలు. చేయించుకోకముందు ఫొటో మీ దగ్గర లేకపోతే క్లినిక్‌లో తీసి ఉంటారు, అడిగి తెచ్చుకోండి. రెండో సిట్టింగ్ కావాలా వద్దా అన్నది ఆ మొదటి ఫొటోని ఆరో నెల ఫొటో పక్కన పెట్టి డాక్టరుతో తేల్చుకోండి.